మబ్బులకు బకెట్ పెట్టిన బిచ్చయ్య

బిచ్చయ్యకు ఒకటే జబ్బు. ఏసీ నుంచి కారే నీళ్ళు నేలపాలవుతుంటే చూడలేడు. అది ఎవరి ఏసీ అన్నది ఆయనకు అనవసరం. ఏ గోడకైనా పైపు వేలాడుతూ, దాని కొసన ఒక చుక్క ఊగుతూ కనిపించిందా, సంచిలోంచి డబ్బా తీసి కింద పెట్టాల్సిందే. మిగతా ప్రపంచం ఆ తర్వాతే.

అబిడ్స్‌లో ఓ నాలుగంతస్తుల కాంప్లెక్సులో ముప్పై ఏళ్ళు లిఫ్టు నడిపి రిటైరయ్యాడు. ఇల్లు నాంపల్లిలో. రిటైరైన మర్నాడే మళ్ళీ అదే కాంప్లెక్సుకు వచ్చాడు, ఈసారి బకెట్లతో. పెయింటు డబ్బాలు, నూనె టిన్నులు, మూత పోయిన ఊరగాయ జాడీ. వెనక సందులో పదిహేడు ఏసీలు, పదిహేడు పాత్రలు.

వాటిలో ఆరోది రామచంద్రమూర్తి ప్రాణం తీసేది. మూర్తిది కింది అంతస్తులో పెన్నుల షాపు, వాళ్ళ నాన్న తెనాలి నుంచి వచ్చి పెట్టింది. ఇంకుపెన్ను కొనేవాళ్ళు రోజుకు ముగ్గురొస్తే ఎక్కువ. కాబట్టి మధ్యాహ్నం కునుకే ఆయన అసలు వృత్తి. షట్టరు సగం దించి కళ్ళు మూసుకుంటే వెనక గోడ అవతల టప్... టప్... మొదట్లో విసుగొచ్చేది. పోనుపోను ఆ చప్పుడు లేనిదే నిద్ర పట్టేది కాదు. ఆ నిద్రలో ఎక్కడో వాన వెలిసేది, చూరు కారేది, ఒక కాగితప్పడవ మెల్లగా సాగిపోయేది. సరిగ్గా పడవ మలుపు తిరిగే వేళకు...

"సార్! జర లేస్తరా? బకెట్ నిండింది!"

"నిండితే తీసుకుపోవయ్యా! నాకెందుకు చెప్పడం?"

"మీ నీళ్ళు గద సార్. చెప్పకుండ తీస్కపోతే దొంగతనమైతది."

ఇలా వారానికి ఆరు రోజులు.

"అవి నీళ్ళు కాదు, ఏసీ చెమట" అన్నాడు మూర్తి ఒకరోజు కడుపుమండి.

"చెమటేంది సార్? గాలిలున్న నీళ్ళే. పైన మబ్బు ఎప్పుడు కురుస్తదో ఎవరికెరుక? గీ అబిడ్స్‌ల మాత్రం మబ్బుల్ని గోడలకు మేకులు కొట్టి తగిలించిన్రు. కింద గిన్నె పెట్టకుంటే తప్పెవరిది?"

ఆ రోజు మూర్తికి కునుకు పట్టలేదు. సందులోకి వెళ్ళి పదిహేడు మబ్బులనూ చూస్తూ నిలబడ్డాడు. జాడీ గంభీరంగా మాట్లాడుతోంది, నూనె టిన్ను కంగారుగా. పెయింటు డబ్బా అసలు మాట్లాడదు, నిండాక ఒక్కసారి గొణుగుతుంది. బయట హారన్లన్నీ ఎటో వెళ్ళిపోయి, ఊరంతా కలిపి ఒక్క చుక్క మీద ఆగినట్టనిపించింది. తేరుకుని, "నాక్కూడా అంటించాడు మహానుభావుడు" అని గొణుక్కుంటూ లోపలికొచ్చాడు.

బిచ్చయ్య జబ్బు అబిడ్స్‌తో ఆగేది కాదు. హిమాయత్‌నగర్‌లో తమ్ముడి కూతురి పెళ్ళి. తలంబ్రాల వేళకు పెదనాన్న లేడు. వెతికితే ఫంక్షన్ హాలు వెనకాల దొరికాడు. సాంబారు గిన్నె ఏసీ కింద ఉంది. సాంబారు ఎక్కడుందో ఎవరికీ తెలియదు. ఆయన భార్య జమున మాత్రం నింపాదిగా అంది: "మా పెండ్లిల ఏసీ లేకుండె. గందుకే తాళి కట్టిండు."

పోయినేడు డెంగీతో దవాఖానలో పడ్డాడు. పొద్దున నర్సు వచ్చేసరికి మంచం ఖాళీ. సెలైన్ స్టాండు ఒక చేత్తో, మందుల ట్రే ఇంకో చేత్తో పట్టుకుని కిటికీ దగ్గర కారుతున్న ఏసీ కింద నిలబడున్నాడు.

"పెద్దాయనా, ముందు మీకెక్కే చుక్కలు చూసుకోండి!"

"గవి లోపలికే పోతున్నయి గదమ్మా. వేస్టయితలేవు."

అంతా బాగానే ఉండేది, కాంప్లెక్సు సెక్రటరీ భూపాల్ చీరల మూట ఎత్తుకొస్తూ నూనె టిన్నులో కాలు పెట్టకపోతే. మూట తడిసింది, మడమ బెణికింది. సాయంత్రానికి మీటింగు. పైపులన్నీ కలిపి ఒకే గొట్టంతో మోరీలోకి వదలాలి, సోమవారం ప్లంబరొస్తాడు, అందరూ సంతకాలు పెట్టాలి. పదహారు సంతకాలు పడ్డాయి. మూర్తిది మిగిలింది.

బిచ్చయ్య షాపుకొచ్చాడు. "సార్, మీరు సంతకం పెట్టకున్రి."

"ఎందుకు పెట్టకూడదు? ఆ నీళ్ళు ఏం చేస్తావో చెప్పు ముందు."

"నీళ్ళనేం చేస్తరు సార్. వాడుతరు."

"ఎవరు?"

బిచ్చయ్య గడ్డం గోక్కుని, "బకెట్ నిండింది సార్" అంటూ సందులోకి జారుకున్నాడు. "ఏదో ఉంది" అనుకున్నాడు మూర్తి.

శనివారం మూడింటికి బిచ్చయ్య సైకిలుకు క్యాన్లు కట్టుకుని బయల్దేరితే, మూర్తి గొడుగేసుకుని వెంటపడ్డాడు. ఎండకు రోడ్డు దూరాన నీళ్ళలా మెరుస్తోంది. బిచ్చయ్య బరువుకు మెల్లగా ఆ మెరుపులోకి తొక్కుకుంటూ పోతున్నాడు, ఎంతకీ తడవడం లేదు. నాంపల్లి స్టేషను ముందు సైకిలు ఆగింది.

అక్కడ వరసగా పూలమ్మే ఆడవాళ్ళు. బిచ్చయ్య ఒక్కో గంప దగ్గరా వంగి, మల్లెల మీద కప్పిన గోనెపట్టాను తడిపి, చెంబులో కాసిని పోసి, పక్క గంపకు నడిచాడు. ఆయన అటు తిరగ్గానే మూర్తి మొదటి గంప దగ్గరికెళ్ళాడు. ఆవిడ పేరు పూలమ్మ.

"రెండు మూరలివ్వమ్మా. పూలు తాజాగా ఉన్నాయే!"

"ఇదివరకు నీళ్ళకు లేస్తే జాగ పోతుండె సార్. లేవకుంటే పూలు వాడుతుండె. ఇప్పుడు ఫికర్ లేదు."

"ఆ సైకిలాయన మంచివాడే పాపం."

"ఆయనదేముంది సార్, మోసుకొస్తడు గంతే. పంపేది అబిడ్స్‌ల పెన్నుల షాపు మూర్తి సారు. మా పూలు యాడ వాడిపోతయో అని గాయన పగటిపూట కన్ను గూడ మూయడట!"

గొడుగు కింద మూర్తికి చెమట పట్టింది.

పక్క గంప పోశవ్వ ఊరుకోలేదు. "మాకైతే చీరల దుకాణం భూపాల్ సారు పంపుతడు. కాలు బెణికిందట. రోజు దండం పెడుతున్న."

సాయంత్రం మూర్తి ఈ సంగతి చెబితే భూపాల్ మూడుసార్లు అడిగాడు. "నా పేరే చెప్పిందా? నా కాలు గురించి గూడనా?" తర్వాత ప్లంబరుకు ఫోన్ చేశాడు, రావద్దని. పాత్రల్ని గోడ వారకు జరిపి చుట్టూ తెల్ల సున్నంతో గీత కూడా గీయించాడు, మళ్ళీ ఎవరూ కాలు పెట్టకుండా.

మంగళవారం బిచ్చయ్య షాపులోకొచ్చి గుమ్మంలోనే నిలబడిపోయాడు. మూర్తి మంకీ క్యాపు పెట్టుకుని, శాలువా కప్పుకుని వణుకుతున్నాడు.

"ఏంది సార్ గిది? జ్వరమా?"

"ఏసీ ప-పదహారులో పెట్టానయ్యా. నీళ్ళు బాగా పడతాయని. పూలమ్మకు రెండు క్యాన్లు ఇవ్వచ్చు."

బిచ్చయ్యకు సంగతి అర్థమైంది. తిన్నగా వచ్చి రిమోటు లాక్కుని ఇరవై ఏడుకు పెట్టాడు.

"నీళ్ళ కోసం ఏసీ నడుపుతరా సార్? ఎట్లాగూ పారబోస్తున్నరని నేను తీస్కపోతున్న. మీరు కావాలని చేస్తే ఇంగ నేను చేసే పనేంది?"

"మరి నన్నేం చేయమంటావయ్యా? అక్కడ ఆవిడ నా పేరు జపిస్తోంది!"

బిచ్చయ్య ఆలోచించాడు. "సైకిల్ వెనకనుంచి తోస్తరా? నాంపల్లి చేరేవరకు దమ్మొస్తున్నది."

మూర్తి ఏసీ ఆపి, మంకీ క్యాపు తీసి, షట్టరు పూర్తిగా దించాడు. కునుకు వేళకు ఆ షాపు మూతపడటం అది రెండోసారి. ఇద్దరూ ఎండలో పడ్డాక ఆయనకో భయం పట్టుకుంది.

"బిచ్చయ్యా, నేనే మూర్తినని పూలమ్మకు చెప్పకు."

"ఫికర్ చేయకున్రి సార్. చెప్పినా నమ్మదు. కన్ను మూయకుండ కష్టపడే మనిషని చెప్పిన. మీ మొఖం జూస్తే అట్ల కనిపిస్తలేదు."