తాత నడుము

"ఇయ్యాల నా వంతు" అని మా పెద్దవాడు, "నిన్న నువ్వే తొక్కినవ్" అని చిన్నది అరుగు మీద తగువులాడుకోవడం వినబడి, బియ్యం చెరుగుతున్న నా చేతులు ఆగిపోయాయి. మామయ్య బోర్లా పడుకుని ఉన్నారు. పిల్లలు ఆయన నడుము తొక్కుతున్నారు. వంతులు పెట్టుకున్నారంటే ఇది ఒకనాటి సంగతి కాదు.

మా సూర్యాపేట ఇళ్లలో పెద్దవాళ్ల నడుము పిల్లలు తొక్కడం మామూలే. నా భయం వేరు. ఏడాది కిందట మామయ్యకు మూత్రం ఆగిపోయి హైదరాబాదు దవాఖానకు తీసుకుపోతే, మూత్రాశయం కింది గ్రంథిలో కాన్సర్ అన్నారు. వృషణాలు తీసేసి మాత్రలు ఇచ్చారు. ఆయన జీవితమంతా గొర్లు కాసిన మనిషి. "ఎన్ని పొట్టేళ్లకు జేసిన్నో, అదే నాకు జేసిండ్రు. వాటి ఉసురు ఊకెనే పోతదా" అని కొడుకుతో నవ్వారట.

అప్పటినుంచి మూడు నెలలకొకసారి బస్సులో పోయి చూపించుకుని వస్తున్నాం. బరువు చూస్తారు, నెత్తురు తీస్తారు. మొదటిసారి డాక్టరు ఇంగ్లీషులో చెప్పినవన్నీ, కాలేజీలో చదివిన కోడలినని, నేనే మామయ్యకు తెలుగులో చెప్పాను. ఒక్క మాట తప్ప. నడుములోనో తుంటిలోనో నొప్పి మొదలైతే మూడు నెలలు ఆగవద్దు, జబ్బు ఎముకలోకి పాకిందేమో చూడాలి అన్నాడు. వింటే మనిషి బెంగపడతాడని ఆ మాట మింగేశాను. నేను కనిపెట్టుకుని ఉంటే చాలనుకున్నాను. కోడలితో మామ తన నడుము నొప్పి చెప్పుకోడని అప్పుడు తోచలేదు.

పిల్లలను దింపి, గడప పక్కన నిలబడి అడిగాను. మిర్యాలగూడ సంతకు బండిలో పోయి వచ్చినప్పటి నుంచి నొస్తున్నదట. నెల దాటిందట. బండి కుదుపనుకున్నారట. అప్పుడు ఆ మింగిన మాట చెప్పాను.

ఆయన మెల్లగా లేచి కూర్చున్నారు.

"గొర్రెకు బలమున్నదా లేదా అని నడుం మీద చెయ్యేసే సూస్తం బిడ్డా. నడుం ముచ్చట నాకే జెప్పకపోతివి" అన్నారు. గొంతులో కోపం లేదు. కోప్పడితే బాగుండుననిపించింది. ఎల్లుండే పోదామని, కోదాడలో ఉద్యోగం చేస్తున్న మా వారికి కబురు పంపమని చెప్పారు.

మర్నాడు పొద్దున పిల్లలను దగ్గర కూర్చోబెట్టుకుని, తాత నడుము ఇక తొక్కవద్దన్నాను. పెద్దవాడు బుంగమూతి పెట్టాడు. మరి నొస్తే ఎట్లా అని చిన్నది అడిగింది.

"చేత్తోని మెల్లగ నిమురుర్రి. యాడ నొస్తున్నదంటడో నాకు జెప్పుర్రి, నేను డాక్టరుకు జెప్త. డాక్టరు ఏం జెప్పినా తాతకు జెప్త. ఇగ ఏం దాయ" అన్నాను.