ఏసీ నీళ్ళతో కళ్ళాపి

సంతోషం పట్టలేక రాస్తున్నాను, తప్పులుంటే సర్దుకోండి. పుట్టిన మూడో రోజున, అంటే ఈ రోజే, నా మనవరాలు దవాఖాన నుంచి ఇంటికి వచ్చింది! ఎంత బంగారు తల్లో!

ఎటు చూసినా కొత్త మేడలు లేస్తున్న ఈ దోహాలో, మా బిడ్డ, అల్లుడు ఐన్ ఖాలిద్‌లో ఉంటారు. కాన్పుకని మేమిద్దరం ఇక్కడికొచ్చాం. పొద్దున మా ఆవిడ దవాఖాన నుంచి ఫోన్ చేసింది.

"పిల్లను తీస్కొస్తున్నం. వాకిట్ల సాంపి చల్లి ముగ్గెయ్యి. పొడి వాకిట్లకెళ్ళి తీస్కరావాల్నా పిల్లను?"

హుషారుగా పైపు విప్పానో లేదో, మునిసిపాలిటీ బండి వచ్చి ఆగింది. అందులోంచి ఆఫీసరు దిగాడు.

"బాబా, బంద్ కరో! పైపుతో వాకిలి కడిగితే ఫైన్!"

ఫైన్ పడేది అల్లుడి పేరు మీద కదా! పైపు కట్టేసి, "సాబ్, ఆజ్ నవాసీ ఘర్ ఆరీ" అంటూ నాకొచ్చిన ఉర్దూలో మనవరాలి సంగతంతా చెప్పాను. ఆయన అటూ ఇటూ చూసి, ఏసీ గొట్టం కింద నిండిన బకెట్టు చూపించాడు.

"వో పానీ మనా నహీ, బాబా. ముబారక్!"

ఆ నీళ్ళకు అడ్డు లేదన్నమాట! చల్లినవి చల్లినట్టే ఎండకు ఆరిపోతుంటే మూడుసార్లు చల్లాను. బియ్యప్పిండితో ముగ్గు కూడా వేశాను. కారు వచ్చేసరికి వాకిలి తడితడిగా ఉంది. పిల్లను ఎత్తుకుని దిగిన మా ఆవిడ కిందికి చూసింది.

"గిదేం ముగ్గయ్యా, కోడి గెలికినట్టుంది! సాంపి మాత్రం మంచిగ చల్లినవ్."

అవి ఏసీ నీళ్ళని ఆమెకింకా చెప్పలేదు. చెప్పమంటారా?