తొండ బండ దిగలేదు

"మావా, ఎండకి మాడు కాలిపోతన్నాది, ఇంటికి రా."

"తొండ ఇంకా బండ దిగలేదే. అది దిగితే నానూ వచ్చీస్తాను."

"అయితే దాన్నే కట్టుకోకపోయావా."

మా ఆయనా నేనూ ఆఖరున అనుకున్న మాటలు ఇవే. చీపురుపల్లి దగ్గర మా మెట్ట గట్టున, బొగ్గు రైళ్లు తిరిగే రోజుల్లో, రోహిణి కార్తెలో. చోడి అంబలి ముంత అక్కడ పెట్టేసి నేను ఇంటికి వచ్చేశాను.

ఆ తొండ ఆయనకు గడియారం. పొద్దున్నే ఒళ్లు నల్లగా చేసుకుని, పొట్ట రాతికి ఆనించి ఎండ కాచుకునేది. అంటే పని మొదలుపెట్టొచ్చని. ఎండ ముదిరేసరికి ఒళ్లు వెలవెలబోయి, నాలుగు కాళ్ల మీద పొట్ట పైకెత్తేది. అప్పుడు అంబలి తాగాలి. నోరు తెరిచి గొంతు దడదడలాడించిందంటే తాటిచెట్టు నీడకు పోవాలి. బొరియలోకి దూరిందంటే ఇంటికి. తొండకు మనలాగ చెమట పట్టదు, అందుకని అది ఎండ దగ్గర అబద్ధమాడదు అనేవాడు. మా బావగారు సంతకు పోవాలన్నా ముందు వచ్చి తొండ ఏమంటోందని అడిగేవారు. నా మాట అడిగినవాళ్లు ఒక్కరూ లేరు.

అందుకే ఆ మాటలనుకున్న ముందురోజు సాయంత్రం అది బయట తిరుగుతుంటే చూసి, దాని బొరియలో బంకమట్టి కూరి, పైన రాయి దిగ్గొట్టాను. ఇల్లు లేకపోతే వేరే పొలం చూసుకుంటుందనుకున్నాను. చూసుకోలేదు. అదీ మా ఆయనలాంటిదే, అలవాటైన చోటు వదలదు.

మధ్యాహ్నం రైలు కూత వినిపించినా ఆయన రాలేదు. వెళ్లి చూస్తే పేడ గత్తం కుప్ప పక్కన బోర్లా పడి ఉన్నాడు. ఒళ్లు పెనంలా కాలుతోంది, చెమట చుక్క లేదు, ఊపిరి లేదు. బండ మీద తొండ, నేను మూసిన బొరియ దగ్గరే, పొట్ట రాతికి ఆనించి, ఇంకా పని చేసుకోవచ్చన్నట్టే ఉంది. పుల్లతో పొడిస్తే ఎండిన అప్పడంలా టక్కుమంది. ఎప్పుడో చచ్చింది.

ఆయన్ని ఎడ్లబండిలో వేశాక మా బావగారు తొండకు దండం పెట్టారు. "ఆఖరిదాకా తమ్ముడికి తోడున్నాది," అన్నారు. నేను ఏడుస్తూ ఏడుస్తూ నవ్వేశాను. కొంగు అడ్డం ఉంది కాబట్టి ఎవరూ చూడలేదు.

బంకమట్టి సంగతి ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలేదు. ఇది రాస్తున్న కోడలికీ ఈరోజే తెలిసింది. చెయ్యి ఆపేసి నా మొహంలోకి చూస్తోంది.

"నన్నేటి సూస్తావు. రాసీసావా? మొదట్నించి సదువు. కట్టుకోకపోయావా అన్న కాడ నెమ్మదిగా సదువు. కోపంగా అన్నానో, నవ్వుతా అన్నానో ఇనాల."