నూనె చిందిన సాయంత్రం

మాది కమ్మర్‌పల్లి. నేను పుట్టకముందే కువైట్ వెళ్లిన మా నాన్న, నాకు ఆరేళ్లప్పుడు తిరిగొచ్చాడు. ఫొటోలో తప్ప చూడని మనిషి. "బాపూ" అని పిలవమని అమ్మ ఎంత చెప్పినా నేను ఆమె కొంగు వెనకే దాక్కునేదాన్ని.

ఒక సాయంత్రం ఆయన మేకపాలు కాచి, నిమ్మరసం పిండి విరగ్గొట్టాడు. ఆ విరిగిన పాలను గుడ్డలో కట్టి పిండి, ముక్కలు కోసి, శనగపిండిలో ముంచాడు.

"ఆడ కువైట్ల మా సేటు ఇంట్ల చుట్టాలొస్తే బువ్వకు ముందుగాల గిదే పెడ్తుంటి. బిడ్డకు జేసి పెడ్త" అన్నాడు అమ్మతో.

కమ్మటి వాసనకు ఆగలేక పొయ్యి దగ్గరికెళ్లి తొంగిచూశాను. ముక్కల్లో తడి మిగిలిందేమో, ఒకటి నూనెలో ఫట్‌మని పేలింది. ఆయన చటుక్కున నా ముఖానికి చెయ్యి అడ్డం పెట్టాడు. మరిగే నూనె ఆయన ముంజేతి మీద పడింది.

"బాపూ!" అని అరిచి ఆయన నడుం పట్టుకున్నాను.

అమ్మ పరుగున వచ్చి ఆ చేతి మీద నీళ్లు పోస్తోంది. ఆయన మాత్రం నన్నే చూస్తున్నాడు.

"ఏమంటివి బిడ్డా? మల్లొక్కపారి అను."

మళ్లీ అన్నాను.

ఆయన ఒళ్లో కూర్చునే ఆ ముక్కలన్నీ తిన్నాను. వాటిలో ఉప్పే లేదు. అయినా అంత రుచి నాకు మళ్లీ ఎక్కడా దొరకలేదు.