నాలుగు చేతుల లోకం

వేరే లోకాల్లో తెలివిగలవాళ్లు ఉన్నారా లేరా అన్న సంగతి మీద షోలాపూర్‌లో బీడీ కార్మికులకు కట్టిన మా విడీ ఘర్కుల్ కాలనీలో నాకంటే ఎక్కువ అబద్ధాలు చెప్పిన మనిషి లేదు. చదువుకున్నవాళ్లు ఈ విషయం మీద లావుపాటి పుస్తకాలు రాస్తారని తర్వాత తెలిసింది. వాళ్లకూ ఏమీ తెలియదు. కాకపోతే వాళ్లకు జీతం వస్తుంది, నాకు పిడికెడు బీడీలు వచ్చేవి.

ఆ బీడీల సంగతి ముందు చెప్పాలి. మధ్యాహ్నం వంటలు ముగిశాక మా ఇళ్ల వరుసలోని ఆడవాళ్లం ఏడుగురం మా ఇంటి ముందు రేకుల నీడలో చేరతాం. అందరం తెలంగాణ నుంచి మగ్గాల వెంట వచ్చినవాళ్ల పిల్లలమే. ఒళ్లో చాటలు, చాటల్లో తునికాకు, తంబాకు. ఆరుగురు బీడీలు చుడతారు, ఒకరు పేపరు చదువుతారు. చదివేదాని చేతులు ఆగిపోతాయి కాబట్టి ఆ పూట దాని పని వెనకబడుతుంది. అందుకని లేచేటప్పుడు తలా పిడికెడు బీడీలు దాని చాటలో వేస్తారు. మేము ఊళ్లో పాత చాళ్లలో, ఆ ఒంటిగది వరుసల్లో ఉన్నప్పటి నుంచీ ఇదే పద్ధతి. పేపరు మరాఠీది, మా నోళ్లు తెలుగువి. కాబట్టి చదవడమంటే కళ్లతో మరాఠీ చూసి నోటితో తెలుగు చెప్పడం. మధ్యలో ఏం జరిగిందో అడిగేవాళ్లు ఉండరు.

నాకు యాభై దాటాక అక్షరాలు వచ్చాయి. ముందు మరాఠీవి, మునిసిపాలిటీ వాళ్లు పెట్టిన బడిలో. అక్కడి మాస్టరు మాతో అరిచి అరిచి మాట్లాడేవాడు. చదువు రానివాళ్లకు చెవులు కూడా వినిపించవని అతని నమ్మకం. తెలుగు అక్షరాలు ఆ తర్వాత పెళ్లి పత్రికలు ముందేసుకుని నేనే నేర్చుకున్నాను. పత్రికలో ఉన్న పేర్లన్నీ మనకు ముందే తెలుసు కదా, అక్షరాలు ఎటూ తప్పించుకోలేవు.

పేపరు చదివే పిల్ల పెళ్లయి వెళ్లిపోయాక ఆ చోటు నాకిచ్చారు. చోటంటే మా ఇంటి మెట్టు. మిగతావాళ్లు గోనెపట్టాల మీద కూర్చుంటే చదివేది మెట్టు మీద కూర్చుంటుంది. జానెడు ఎత్తు, అంతే. నలభై ఏళ్లు నేల మీద కూర్చుని, వేలిముద్ర వేసి, కార్ఖానాలో ప్రతివాడి చేతా ఏకవచనంలో పిలిపించుకున్నదానికి ఆ జానెడు ఎత్తు ఏమిటో మీకు చెప్పినా తెలియదు. అది పోతుందేమోనన్న భయం తప్ప ఆ రోజుల్లో నాకు వేరే భయం లేదు.

చిన్న వార్తలు బాగానే చదివేదాన్ని. నల్లా ఏ రోజు వస్తుంది, ఎవరు పోయారు, ఎవడు ఎవణ్ణి పొడిచాడు. ఒక ఆదివారం లోపలి పేజీలో పెద్ద బొమ్మ వేశారు. కొండంత తెల్ల గిన్నెలు ఆకాశం వైపు నోళ్లు తెరుచుకుని ఉన్నాయి. పైన లావు అక్షరాలు: విశ్వంలో మనం కాక తెలివైనవాళ్లు ఇంకెక్కడైనా ఉన్నారా? అంతవరకు చదివి తెలుగులో చెప్పాను. కింద మొదటి వాక్యం స్టేషన్లో ఆగిన గూడ్సు బండంత పొడుగుంది. ఏ పెట్టెలో ఏముందో నాకు అర్థం కాలేదు.

"ఏమైందే వదినె, ఆగినవ్?" అంది పక్కింటామె. నా ఈడుది. నేను దాన్ని వదినె అంటాను, అది నన్ను వదినె అంటుంది. "ఉన్నరా లేరా?"

"ఉన్నరట," అన్నాను.

నోట్లోంచి వచ్చేసింది. ఇక వెనక్కి పోదు.

"ఎట్లుంటరట?"

పేపరు నాకు సాయం చేయలేదు. ఎదురుగా కనిపిస్తున్నవి చేతులు. ఆకు చుట్టేవి, తంబాకు నింపేవి, దారం వేసేవి. "నాలుగు చేతులుంటయట," అన్నాను.

చుట్టడం ఆగిపోయింది. మా వరుసలో ఎవరైనా చచ్చిపోయినా అంత తొందరగా ఆగదు.

"నాలుగా!" అంది మూలింటామె. "అయితే మనకంటే రెండింతలు చుడ్తరు."

"చుడితే ఏమొస్తది? సేఠు రెండింతలు చుట్టుమంటడు, రేటు గంతే ఉంచుతడు," అంది వదినె.

మాలో అందరికంటే పెద్దది అవ్వ. కళ్లు సగమే కనిపిస్తాయి గాని నోరు పూర్తిగా పనిచేస్తుంది. "గట్లెట్ల? రెండన్న ఉత్తగుండాలె. ఒకటి ఈపు గోక్కునేతందుకు, ఒకటి ఈగలు కొట్టెతందుకు," అంది.

"గట్లనే రాసిండ్రు అవ్వా," అన్నాను. "రెండు పనికి, రెండు సొంతానికి."

ఆ రోజు పిడికెళ్లు పెద్దవిగా పడ్డాయి.

మరుసటి రోజు పేపర్లో మంచి హత్య ఉంది. ఎవరికీ అక్కర్లేకపోయింది. "నాలుగు చేతులోల్లది చెప్పు," అన్నారు. ఆ రోజు పేపరు ముందు పట్టుకుని నిన్నటిది సాగదీశాను. అక్కడ పొయ్యి ఉండదు, ఆకలైతే ఎండలో కూర్చుంటే చాలు. అక్కడ మగవాళ్లు నీళ్లు మోస్తారు. అత్తలు వేరే చుక్క మీద ఉంటారు, పండక్కి మాత్రం వస్తారు. అది విని వదినెకు కోపం వచ్చింది. అప్పుడది కొడుక్కి పిల్లను వెతుకుతోంది. "అయితే గాల్లకు తెలివి లేనట్టే," అంది.

"గంత తెలివున్నోల్లు మన తానకు ఎందుకు రాలే?" అని అవ్వ అడిగింది. దీనికి నేను జవాబు ఆలోచించుకునే లోపే మూలింటామె అందుకుంది.

"వచ్చుంటరు అవ్వా. కార్ఖాన్ల బీడీలు ఏరే చెకర్ ముంగట మనం నిలవడుడు చూసుంటరు. మంచి బీడీలు గూడ వాడు ఛాట్ అని అవతల పారేస్తుంటే చూసి, గీల్ల తాన మనకేం పని అని ఎనుకకు పోయుంటరు."

అదీ పేపర్లో రాశారని చెప్పాను. ఏమడిగినా రాశారనే చెప్పాను. అబద్ధం చెప్పడం చదవడం కంటే సులువు. అందులో పొడుగు మాటలుండవు.

కొన్నాళ్లకు వదినె కొడుకు పెళ్లయింది. పిల్ల ఊళ్లో కుంఠా నాకా అనే చోట ఉండే మగ్గాలవాళ్లది. పన్నెండు వరకు మరాఠీ బడిలో చదివింది, అదీ సైన్సు. వదినె ఆ చదువు గురించి ఎక్కడా చెప్పలేదు. చేతుల గురించి మాత్రం నల్లా దగ్గర, కిరాణా కొట్టు దగ్గర అందరికీ చెప్పింది. నిజంగానే ఆ పిల్ల చూడకుండా చుడుతుంది. నెల రోజుల్లో దాని బీడీ ఒక్కటి కూడా చెకర్ పక్కకు పెట్టలేదు.

ఒక మధ్యాహ్నం దాని చాట కింద తంబాకు రాలకుండా పాత పేపరు పరిచాను. నేనే పరిచాను. ఆ గిన్నెల బొమ్మ ఉన్న పేజీ. నాతో మాట్లాడని కాగితం ఇంకెవరితో మాట్లాడుతుందిలే అనుకున్నాను.

కాసేపటికి ఆ పిల్ల తల వంచుకునే అడిగింది. "పెద్దమ్మా, మీరు రోజు చెప్పేది గీ పేపర్లదేనా?"

"గదే."

"గీండ్ల నాలుగు చేతులు లేవు గదా."

బియ్యంలో రాయి కనబడితే చెప్పినట్టు చెప్పింది. నన్ను పట్టించాలన్న ఉద్దేశం దాని ముఖంలో లేదు. ఉంటే తిట్టి నోరు మూయించేదాన్ని.

"మరేముంది? సదువు," అంది అవ్వ.

చదివింది. నా ముందు ఆగిపోయిన గూడ్సు బండి దాని ముందు గడగడా వెళ్లిపోయింది. "సుక్కలు లెక్కలేనన్ని ఉన్నయట. గన్నింట్ల ఏడనో ఒక్క తానన్న తెలివున్నోల్లు ఉండాలె గదా అంటున్నరు. గని ఎవలు చూడలే. గీ గిన్నెలు పెట్టుకోని శాన ఏండ్ల సంది ఇంటున్నరట. ఇప్పటిదాంక ఏ కబురు రాలే."

"రానే రాలేదా?" అంది వదినె.

"రాలే. శాన దూరమట. కబురు మన తానకు వచ్చేవరకు పంపినోల్లు బతికుంటరో లేదో గూడ తెల్వదట. అసలు ఎవ్వలు లేరేమో అని గూడ రాసిండ్రు."

"తెలివున్నదని ఎట్ల ఎరుకైతది?" అంది మూలింటామె.

"రేడియో అసొంటిది తయారు చేసి కబురు పంపాలె. అప్పుడు తెలివున్నట్టు."

"అయితే మన ఘర్కుల్ల తెలివున్నోడు ఒక్కడే," అంది మూలింటామె. "రేడియోలు బాగుచేసెటోడు. వాడు పొద్దుగాల్నే తాగి పంటడు."

నవ్వులు అయిపోయాక వదినె చాట దించి కింద పెట్టింది. కోపం వస్తే అలాగే పెడుతుంది. "గింత పెద్ద పేజీ రాసి, కడాకు తెల్వదంటరా? తెల్వదని చెప్పెతందుకు గన్ని గిన్నెలా? కబురు రాకుంటే మనుషులు లేనట్టా? మన లైన్లకెల్లి ఎవలికి ఏం కబురు పోయింది? మనం ఉన్నమని సేఠుకు ఎరుకనా? మరి మనం లేమా?"

ఆ గిన్నెలన్నీ కలిసి ఇన్నేళ్లు విన్నా ఇంత మంచి ప్రశ్న వాటికి వినబడలేదని నా అభిప్రాయం. ఆ గిన్నెలు పెట్టుకున్నవాళ్లు తమలాంటి వాళ్ల కోసం వెతుకుతున్నారు. తీరిక ఉన్నవాళ్లు, గిన్నెలు కట్టుకోగలవాళ్లు. పని మీద పని ఉన్నవాళ్లు ఏ చుక్క మీద ఉన్నా వాళ్లకు దొరకరు.

అప్పుడు అందరూ నా వైపు తిరిగారు.

"మరి నాలుగు చేతులేందే?" అంది అవ్వ.

"నేనే కల్పించిన అవ్వా. గా మాటలు సదువుడు నాకు రాలే."

"ఇన్ని దినాలు మమ్ముల పిస్సోల్లను చేసినవా?"

"చేసిన."

ఆ రోజు లేచేటప్పుడు నా చాటలో ఎవరూ చేయి పెట్టలేదు. మూలింటామె మాత్రం పెట్టింది, ముందురోజు వేసిన పిడికెడు వెనక్కి తీసుకోవడానికి.

మర్నాడు నేను గోనెపట్టా మీద కూర్చున్నాను. మెట్టు ఖాళీగా ఉంది. అవ్వ, "పిల్లా, నువ్వు వోయి కూసో. సక్కగ సదువుతవ్," అంది. ఆ పిల్ల ముఖం వెలిగింది. చాట పక్కన పెట్టి సగం లేచింది కూడా.

"కూసో కూసో, యాడికి?" అంది వదినె. "అది సదివితే నా ఇంట్ల ఎవలు చుట్టాలె?"

"మేమిస్తం గదనే, తలా పిడికెడు," అంది అవ్వ.

"మీయి వంకర మూతుల బీడీలు! చెకర్ అన్ని ఛాట్ల పారేస్తడు. నా కోడలియి ఒక్కటి గూడ ఎనుకకు రాలే." ఆమె నా వైపు చూసింది. "వదినె, నువ్వే కూసో. నీ చేతులు ఆగినా ఎవలికి నష్టం లేదు. అబద్ధమో గిబద్ధమో, ఏదో ఒకటి చెప్పు."

మేము లేమా అని ముందురోజు లోకాన్ని నిలదీసిన నోరే అది. ఆ పిల్ల తిరిగి కూర్చుని చాట ఒళ్లోకి లాక్కుంది. నా మెట్టు నాకు తిరిగొచ్చింది. చదవడం వచ్చినందుకు కాదు, చుట్టడం సరిగ్గా రానందుకు. నేను సిగ్గుపడి వద్దన్నానని మీరు అనుకుంటే పొరపాటు. వెంటనే లేచి వెళ్లి కూర్చున్నాను.

నాలుగు రోజులు నల్లా వార్తలు, చావు వార్తలు చదివాను. ఐదో రోజు మళ్లీ ఒక పొడుగు మాట దగ్గర ఆగాను. అందరూ నన్నే చూస్తున్నారు. ఏం చెప్పినా నమ్మరు. మెట్టు మీదే ఉన్నాను గాని అబద్ధం చెప్పుకునే వీలు కూడా పోయింది. వదినె కోడలు మాత్రం తల ఎత్తలేదు. దాని వేళ్లు ఒకదాని వెంట ఒకటి బీడీలు వదులుతున్నాయి.

పేపరు దాని వైపు తిప్పాను. "గిదేంది పిల్లా?"

తల ఎత్తి చెప్పింది. వేళ్లు ఆగలేదు. వాటికి కళ్లతో పని లేదు కదా. నేను వదినెను చూశాను. వదినె కోడలి నోటిని కాదు, వేళ్లను చూస్తోంది. అవి నడుస్తున్నాయి. వదినెకు ఏ ఫిర్యాదూ లేదు.

తర్వాతి మాట నాకు వచ్చు. అయినా, "మరి గిది?" అన్నాను. ఆ తర్వాతిది కూడా అడిగాను. నాలుగో వరుసకు అడగడం మానేసి పేపరు మొత్తం దాని వైపే పెట్టాను. మెట్టు మీది నుంచి దానికి అక్షరాలు కనిపించలేదు. దిగి వెళ్లి దాని ఎదురుగా నేల మీద కూర్చుని, పేపరు రెండు చేతులతో పట్టుకున్నాను. అది చుడుతూ చదివింది. ఆ నాటి నుంచి మెట్టు మీద చెప్పులు విడుస్తున్నారు.

సాయంత్రం లేచేటప్పుడు చిన్న తగవు వచ్చింది. పిడికెడు ఎవరికి వేయాలి? చదివింది ఆ పిల్ల, కానీ దాని చేతులు ఆగలేదు. ఆగినవి నావి, పేపరు పట్టుకుని. పద్ధతి ప్రకారం ఆగిన చేతులకే ఇవ్వాలి. అందరూ బాగా ఆలోచించి నాకే వేశారు. చదివినదానికి ఏమీ లేదు, పట్టుకున్నదానికి తలా పిడికెడు. పై నుంచి కూడా ఎవరైనా గిన్నెలు పెట్టి మమ్మల్ని వింటూ ఉంటే, ఇక్కడి తెలివి ఎంతో ఆ ఒక్క సాయంత్రంతో తేల్చుకోవచ్చు. నా చాట ఆ పిల్ల చాటలో వంచబోయాను. వదినె చేయి అడ్డం పెట్టింది. వంకర మూతులు కలవకూడదట. సరే, నేనే తీసుకున్నాను. ఇప్పటికీ తీసుకుంటూనే ఉన్నాను.

ఆ పిల్లకు నా మీద మొహమాటం కూడా పోయింది. నిన్న సగం వార్తలో ఆగి, వేళ్లు మాత్రం ఆపకుండా, "పెద్దమ్మా, జర పైకి పట్టు. కింది వరుస కనవడ్తలేదు," అంది.

మోచేతులు గుంజుతున్నాయి. పైకి పట్టాను.