రుఆబాంధా వేరుపడతానన్న ఆదివారం

ఇందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. నా రెండు కళ్ల మీద, మా ఆవిడ కొత్త ప్రెషర్ కుక్కర్ మీద ఒట్టు.

డెబ్బైల చివర్లో మాట. భిలాయి ఉక్కు నగరంలో మా తెలుగు సంఘం వేడుకలన్నీ ఒకే సెక్టరులో జరిగేవి. ఊరి అంచున ఉన్న రుఆబాంధా సెక్టరు వాళ్లకు అది కడుపుమంట. ఉగాది పచ్చడి సైకిలు మీద వాళ్ల ఇళ్లకు చేరేసరికి పులిసి పొంగి, గిన్నె మూత ఎగిరి ఎదురింటి పంజాబీ ఆయన డాబా మీద పడింది. దాంతో వేరు సంఘం పెట్టుకుంటామన్నారు.

ఆ మాటకు బెంగపడింది మా వదిన. ప్రతి ఆదివారం సంఘం హాల్లో ఆమె పిల్లలకు తెలుగు నేర్పేది. పన్నెండు మందిలో తొమ్మిది మంది రుఆబాంధా వాళ్లే. హిందీలో కలవరించే ఆ పిల్లలు అప్పుడప్పుడే గుణింతాల్లో పడ్డారు. వాళ్లు మానేస్తే తరగతి మూతే.

నేరుగా పోట్లాడుకుంటే బాగుండదని పెద్దలు ఒక ఆదివారం చర్చ పెట్టారు. అమెరికా అంతర్యుద్ధానికి కారణమేమిటి, రాష్ట్రాలకు విడిపోయే హక్కు ఉందా అని. విడిపోయే రాష్ట్రాలంటే ఏ సెక్టరో అందరికీ తెలుసు.

రుఆబాంధా కుర్ర ఇంజనీరు ఒకడు లేచాడు. "ఇష్టపడి చేరిన రాష్ట్రాలు, ఇష్టం లేకపోతే పోతాయి. పన్నుల దగ్గర తగువది. దానికి తుపాకులెందుకు?"

చప్పట్లే చప్పట్లు.

వదిన కుర్చీలోంచే అడిగింది. "పన్నులేటి బాబూ! బానిసల్ని వదులుకోలేకే పోతున్నామని ఆ దక్షిణాది రాష్ట్రాలే తమ ప్రకటనల్లో రాసుకున్నాయి కదా. పోయే హక్కు మాకుందన్నారు. మరి ఆ బానిసలు మేమూ పోతామంటే పోనిచ్చారా?"

వదిన రుఆబాంధా వాళ్ల వరస వైపు తిరిగింది.

"అది ఘోరం, మనది పచ్చడి తగువు. రెండూ ఒకటనను. కానీ పోయేముందు ఆ తొమ్మండుగురు పిల్లల్నీ ఒక మాటడిగారేటి?"

వెనక వరసలో బ్లాస్ట్ ఫర్నేస్ ఫోర్‌మన్ అందుకున్నాడు. "అరే భయ్యా, షిఫ్టు అయిపోయినా రిలీవర్ రాకుండా ఫర్నేసు ఒగ్గీసి ఎలిపోతామేటి? ఎల్లండి, కాదన్లేదు. అక్కడ పాఠం సెప్పే మనిషొచ్చేక ఎల్లండి."

ఆ నియమానికి ప్లాంటులో ఎదురు చెప్పేవాడు పుట్టలేదు. బదులు మనిషి రాలేదని పదహారు గంటలు నిలబడ్డవాళ్లే హాలంతా. ఇంజనీరు తలూపాడు. "సరే, రిలీవర్ దొరికేదాకా పిల్లల్ని మేమే తెచ్చి దింపుతాం."

రిలీవర్ కోసం ఎవరూ గట్టిగా వెతకలేదు. ఎనభైల్లో ఆ తొమ్మండుగురిలోనే ఒకమ్మాయి రుఆబాంధాలో తరగతి మొదలుపెట్టింది. తొలిరోజు వదిన వెళ్లి వెనక వరసలో పిల్లల మధ్య కూర్చుంది. వేరు సంఘం సంగతి అప్పటికి అడిగేవాళ్లు లేరు.

ఇక నిజం ఒప్పుకుంటాను. కుర్ర ఇంజనీరు ఎవరో పరాయివాడన్నట్టు రాశానే, అదొక్కటే కల్పన. వాడు నేనే. ముందొకణ్ణి, వెనక ఇద్దర్ని ఎక్కించుకుని ఏళ్ల తరబడి సైకిలు తొక్కిందీ నేనే. ఆ చర్చలో ఓడానని వదినతో ఇప్పటికీ అనలేదు. ఆవిడ ఇది చదువుతుందనే రాస్తున్నాను.