ఎముక దగ్గర పచ్చి

ఈసారి క్రిస్మస్‌కు మా తమ్ముడింట్లో రోస్టు చేయలేదు. బార్కస్‌లోని అరబ్బీ హోటల్ నుంచి మండీ తెప్పించారు. తాంబాళమంత పళ్ళెం, నిండా అన్నం, దాని మీద మెత్తగా ఉడికిన మాంసం, పక్కన ఏదో ఎర్ర పచ్చడి. పిల్లలు చుట్టూ కూర్చుని తెగ తిన్నారు. బాగా లేదంటే కళ్ళు పోతాయి, బాగానే ఉంది. ముందు రోజు మా మరదలు భయపడుతూనే అడిగింది, "ఇగో, గీసారి మండీ తెప్పిద్దామా? నా నడుము నాకు వశమైతలేదు" అని. ఇన్నేళ్ళుగా రోస్టు మాట ఎత్తితే చాలు పండగ మొత్తాన్ని నెత్తిన వేసుకునే మనిషి, మసాలా తనే నూరి, మాంసం తనే తెచ్చే మనిషి, మా తమ్ముడు, సెల్‌ఫోన్‌లోంచి తల ఎత్తకుండా "తెప్పియ్యి" అన్నాడు. నేను ఉల్లిగడ్డలు కోస్తున్నాను కాబట్టి నా కళ్ళ సంగతి ఎవరూ పట్టించుకోలేదు. వాడు ఆ రోస్టు ఎవరి కోసం చేస్తూ వచ్చాడో ఇంట్లో అందరికీ తెలుసు. ఆ మనిషి, మా అన్న, ఈ వానాకాలంలో పోయాడు.

రోస్టు మా ఇంటికి మా మేనత్త తెచ్చిన వంట. బాపుకు ఒక్కతే చెల్లెలు. పెళ్ళైన కొత్తలోనే భర్త పోతే అన్న ఇంటికి వచ్చేసింది. మిషన్ దవాఖానాలో నర్సుల హాస్టల్ ఉండేది, అక్కడ వంటగదిలో పని. అక్కడి పెద్ద నర్సు, ఏ దేశమో మాకు తెలియదు, దొరసాని అనేవాళ్ళం, ఆమె దగ్గర నేర్చుకుంది. నేర్చుకుంది అంటే మా అత్తకు కోపం వచ్చేది. "ఆమె రోస్టుల ఉప్పు, మిరియాలు తప్ప ఇంకేం లేకుండెనే కోడలా! తింటే నాలుక నిద్రపోతుండె. నేనే దాన్ని మనిషిని చేసిన" అనేది. ఆమె చేసిన మనిషి ఏమిటంటే, మేక తొడ మొత్తంగా, ఎముకతో సహా. మొఘల్‌పురాలో ఒక్క కసాయి దగ్గరే కొనేది, మిగతా వాళ్ళందరూ దొంగలే ఆమె లెక్కలో. దానికి పచ్చి బొప్పాయి, అల్లం వెల్లుల్లి, సిర్కా, అదే వెనిగరు, మిరియాలు, పెరుగు, ఇంకా ఎవరికీ చెప్పని రెండు మూడు దినుసులు పట్టించి, రెండు రోజులు మూత పెట్టి ఉంచేది. ఆ రెండు రోజులూ ఇల్లంతా సిర్కా వాసన. మా బట్టలకూ జడలకూ అదే వాసన పట్టేది. పండగ అంటే నాకు కొత్త బట్టల కంటే ముందు ఆ పుల్లటి వాసనే గుర్తొస్తుంది.

ఇంట్లో ఓవెన్ ఎక్కడిది? సైదాబాద్‌లో మా గల్లీ చివర బేకరీ ఉండేది, కట్టెల భట్టీ. తెల్లవారి బ్రెడ్డు, పావులు దించేశాక భట్టీలో మంట ఉండదు, వేడి మాత్రం గోడల్లో నిలిచి ఉంటుంది. అందులో మా అత్త తన ట్రే పెట్టించి, భట్టీ నోరు మూయించి, చర్చికి వచ్చేది. ఆరాధన ముగిశాక పోయి తీసేది. గడియారం చూడటం ఆమెకు తెలియదు, అవసరమూ లేదు. పాస్టరుగారి ప్రసంగం పొడుగైతే జనం ఆవలించేవాళ్ళు, మా అత్త మాత్రం సంతోషపడేది. "మంచిగ చెప్పిండు ఇయ్యాల, మాంసం ఎముక ఇడిసిపెడ్తది" అనేది. ఒక యేడు కొత్త పాస్టరు వచ్చి తొందరగా ముగించేస్తే, ముందు బెంచీ నుంచి లేచి "ఇంకో కీర్తన పాడుదమయ్యా" అని అడిగింది. ఆయనకు ఎంత భక్తురాలో అనిపించి ఉంటుంది పాపం.

తెచ్చిన తొడను కోయడానికి మా ఇంట్లో ఒక పద్ధతి ఉండేది. ఇది దొరసానిది కాదు, మాదే. ఇంటికి పెద్ద మగవాడు కోయాలి. కోసిన మొదటి ముక్క, ఎముక పక్కన ఉండే మెత్తటి ముక్క, తన తోబుట్టువుల్లో అందరికంటే చిన్నవాళ్ళ పళ్ళెంలో తన చేత్తో వేయాలి. బాపు కోసేవాడు, మొదటి ముక్క మా అత్తకు వేసేవాడు. అప్పుడామె గయ్యాళితనం అంతా పోయి చిన్నపిల్లలా పళ్ళెం చాచేది. అది చూసి మేం నవ్వేవాళ్ళం. బాపు పోతే ఆ కత్తి మా అన్న చేతికి రావాలి, మొదటి ముక్క మా తమ్ముడి పళ్ళెంలో పడాలి. నేను నడిపిదాన్ని, నాకు ఏ హక్కూ లేదు, ఆలుగడ్డల పొట్టు తీయడం తప్ప.

బాపు పోయింది ఎండాకాలంలో. ఊపిరితిత్తుల జబ్బు. ఫ్యాక్టరీలో ఫిట్టర్‌గా చేసిన మనిషి, మందులతో కొన్నాళ్ళు నడిచాడు, తర్వాత నడవలేకపోయాడు. పైకి మాత్రం బాగానే కనిపించేవాడు, గడ్డం గీయించుకుని, తెల్ల బనియను వేసుకుని అరుగు మీద కూర్చునేవాడు. రెండోసారి దవాఖానా నుంచి వచ్చాక మా తమ్ముడి చెయ్యి పట్టుకుని, "నన్ను మల్ల ఆడికి తీస్కపోకు బిడ్డా, నా మంచం మీద నన్ను పోనియ్యి" అన్నాడు. తమ్ముడు మాట ఇచ్చాడు, నిలబెట్టుకున్నాడు. మా అన్న రైల్వేలో గార్డు, ఆ రోజు డ్యూటీ మీద ఎక్కడో ఉన్నాడు. వచ్చేసరికి బాపు లేడు. సమాధి దగ్గర అందరి ముందూ తమ్ముణ్ణి చూసి, "దవాఖానల ఉంటే బతుకుతుండె. నువ్వే సంపినవ్" అన్నాడు. బాపు అడిగిన మాట చెప్పబోతే వినలేదు. ఆ రోజు నుంచి ఆ ఇంటి గడప తొక్కలేదు. తమ్ముడు స్కూటర్ మెకానిక్కు, పొద్దంతా షెడ్డులో లొల్లి మధ్య ఉంటాడు, ఇంటికి వస్తే నోట్లోంచి మాట రాదు. అంతకు ముందు ఇద్దరూ ఒకరి చొక్కా ఒకరు వేసుకుని తిరిగినవాళ్ళు. నాకు ఎవరి మీద ఎక్కువ కోపం వచ్చేదో ఇప్పటికీ చెప్పలేను.

మా అత్తకు మాత్రం ఒక ఆలోచన వచ్చింది. ప్రార్థనలూ బుద్ధులూ చెప్పి లాభం లేదు, రోస్టు చేద్దాం అనుకుంది. అన్న కోయాలి, తమ్ముడి పళ్ళెంలో వేయాలి. చేత్తో ముక్క వేశాక ఇంకేం కోపం? డిసెంబరులో ఒక రోజు నన్ను వెంటబెట్టుకుని రెండు బస్సులు మారి రైల్వే క్వార్టర్స్‌కు పోయింది. అన్న మంచినీళ్ళు ఇచ్చాడు, కుర్చీ వేశాడు, విషయం ఎత్తగానే గోడ వైపు చూశాడు. మా అత్త కుర్చీ వదిలి కింద కూర్చుంది.

"నువ్వు రాకుంటె ఆ కత్తి ఎవ్వలు ముట్టరు అల్లుడా. మాంసం గట్లనే ఉంటది, నేను గట్లనే ఉంట. నువ్వే సోచాయించుకో" అంది.

అన్న వంగి ఆమె చెయ్యి పట్టి లేపుతూ, "నీ కోసం వస్త అత్తా. వానితోని మాట్లాడుమని మాత్రం అనకు" అన్నాడు.

"మాటలు నాకెందుకు? తినుండ్రి, చాలు" అంది మా అత్త. బస్సులో నా తొడ మీద ఒక్కటి చరిచి, పన్ను లేని నోటితో నవ్వింది. "అయిపోయినట్టే తియ్యే కోడలా, ఫికర్ లేదు" అంది.

ఆ యేడే బేకరీలో కట్టెల భట్టీ తీసేసి డీజిల్ భట్టీ పెట్టారు. పండగ పొద్దున ట్రే తీసుకుపోతే అక్కడి పనివాడు చెప్పాడు కూడా, "ఖాలా, యే నయా హై, మంట జోరుగుంటది, నేను జర చూస్తుంట" అని. చూస్తూనే ఉన్నాడు పాపం. పైన ఎర్రబడి నల్లగా మారబోతుంటే, మాడిపోతే ఈ ముసలమ్మకు పండగ పాడవుతుందని సగంలోనే తీసి, మూత పెట్టి పక్కన ఉంచాడు, ఆ సంగతి మాకు తర్వాతే తెలిసింది. మేం ఆరాధన ముగించుకుని పోయేసరికి ఎంత అందంగా ఉందో ఆ తొడ! బాపు ఉన్నప్పుడు కూడా అంత రంగు ఎప్పుడూ రాలేదు. మా అత్త ఇంటికి తెచ్చాక ఎప్పుడూ దబ్బనం తీసి ఎముక దాకా గుచ్చి చూసేది, నీరు తెల్లగా వస్తే సరే, ఎర్రగా వస్తే మళ్ళీ భట్టీకి. ఆ రోజు మేం గల్లీ మలుపు తిరగగానే మా ఇంటి ముందు అన్న స్కూటర్ కనిపించింది. వస్తాడో రాడో అని రాత్రంతా దొర్లిన మనిషి, ట్రే నా చేతుల్లో పెట్టి, చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని పరుగెత్తింది. దబ్బనం సంగతి ఆమెకూ గుర్తులేదు, నాకూ గుర్తులేదు.

బల్ల మీద బగారా అన్నం, ఆలుగడ్డలు, మధ్యలో తొడ. బాపు కుర్చీలో అన్న. ఎదురుగా తమ్ముడు. మా అత్త ప్రార్థన చేసింది, పాస్టరుగారి ప్రసంగాలన్నీ ఇష్టపడ్డ మనిషి ఆ రోజు మూడు ముక్కల్లో ముగించింది. అన్న లేచి నిలబడి కత్తి తీసుకున్నాడు. బాపు పట్టుకున్నట్టే పట్టుకున్నాడు, చూపుడువేలు పైన పెట్టి. తమ్ముడు, ఎవరూ చెప్పకుండానే, పళ్ళెం రెండు చేతులతో ఎత్తి చాచాడు. మా అత్త నా మోకాలు గట్టిగా పట్టుకుంది. అన్న ఎముక పక్కగా కత్తి దించాడు. పై పొర కరకరలాడింది. లోపలికి పోయాక కత్తి ఆగింది. ఎర్రటి నీరు ట్రేలోకి కారింది. ముక్క విడదీసి చూస్తే లోపల పచ్చి మాంసం, కసాయి దగ్గర ఎలా ఉంటుందో అలాగే.

అన్న ఆ ముక్కను కత్తి మొనతో తిప్పి చూశాడు. నవ్వేస్తాడేమో అనుకున్నాను. నిజంగా అనుకున్నాను, చిన్నప్పుడు ఇలాంటివాటికి మేం కడుపు పట్టుకుని నవ్వినవాళ్ళమే.

"బాపు గూడ గిట్లనే ఉండె. పైకి మంచిగనే కనబడ్డడు. లోపల ఏమున్నదో ఎవ్వలు సూడలె" అన్నాడు.

కత్తి బల్ల మీద పెట్టాడు. తమ్ముడు చాచిన పళ్ళెం మెల్లగా కిందికి దించాడు. మా అత్త లేచి, "తప్పు నాది, నాది అల్లుడా! ఒక్క గంట ఆగుండ్రి, నా బిడ్డలు గదా, ఒక్క గంట" అంటూ ఎవరి చెయ్యి పట్టుకోవాలో తెలియక ఇద్దరి మధ్య నిలబడింది. తమ్ముడు ట్రే ఎత్తుకుని వంటింట్లోకి పోయాడు. "నేను ముక్కలు కొట్టి కుక్కర్ల పెడ్త అత్తా, జల్దీ అయితది" అని లోపలి నుంచి వినిపించింది. కత్తిపీట చప్పుడు మొదలైంది. అన్న చెప్పులు వేసుకున్నాడు. మా అత్త గేటు దాకా వెంట పడింది. "తిని పో కొడుకా, తినకుంట పండగ పూట పోవద్దు" అంది. "మల్ల వస్త తియ్ అత్తా" అన్నాడు అన్న. స్కూటర్ రెండు మూడు తన్నులకు స్టార్టయింది.

ఆ కూర మేం తిన్నాం. రుచిగానే ఉంది, అదే బాధ. మా అత్త అన్న వాటా ఒక డబ్బాలో తీసి పెట్టి, మూడు రోజులు వేడి చేస్తూ ఉంచి, ఇక లాభం లేదని తెలిసి ఏడుస్తూ కుక్కకు పెట్టింది. మళ్ళీ క్రిస్మస్ ఆమె చూడలేదు. ఈస్టరు పోయాక ఒక మధ్యాహ్నం పడుకుని లేవలేదు. అన్న వచ్చాడు, మట్టి వేశాడు, సమాధుల తోటలోంచే వెళ్ళిపోయాడు. తమ్ముడు ఒక ఓవెన్ కొన్నాడు. ప్రతి పండక్కీ తొడ తెచ్చి, ఎముక దాకా గుచ్చి గుచ్చి చూసి, ఎండిపోయేదాకా కాల్చేవాడు. కత్తి బల్ల మీద పెట్టి, ఎవరినీ ముట్టనివ్వకుండా కాసేపు ఆగేవాడు. ప్రతి యేడూ నేను ఫోన్ చేసేదాన్ని. "చూస్త తియ్" అనేవాడు అన్న. నగరానికి ఆ కొస నుంచి ఈ కొసకు రావడానికి ఇంత కష్టమా అని నేను తిట్టిన తిట్లు ఇక్కడ రాయకూడదు. చివరికి తమ్ముడే చికెన్ కోసినట్టు ఎలాగో కోసేసి, మొదటి ముక్క ఎవరికీ వేయకుండా పక్కకు పెట్టేవాడు.

ఈ వానాకాలంలో అన్నను పూడ్చిన రోజు చినుకులు పడుతున్నాయి. జనం వెళ్ళిపోయారు. తమ్ముడు కదలలేదు. గొడుగు పట్టుకుని పక్కన నిలబడ్డాను. ఎన్నడూ ఆ పండగ మాట ఎత్తనివాడు అప్పుడు నోరు విప్పాడు.

"అక్కా, స్కూటర్ కిక్కు కొట్టేది నాకు ఇనబడ్డదే. ఉరికిపోయి చెయ్యి పట్టుకుందామనుకున్న. చేతులకంత మాంసం నెత్తురు, మసాలా. పండగ బట్టలేస్కొని వచ్చిండు గదా, తెల్ల అంగి, కరాబైతదని నల్లా నీళ్ల కింద చేతులు కడుక్కుంటున్న. కడుక్కొని వచ్చేవరకు మలుపు తిరిగిండు."

గొడుగు వాడి వైపు వంచాను. మనిషికి చేతులు కడుక్కోవడానికి ఎంతసేపు పడుతుంది? మా ఇంట్లో ఏళ్ళు పట్టింది, అయినా సరిపోలేదు.